ఇరవై మూడు గడ్డల్లో నాలుగు వదిలేశాం

కాలేయం ఆపరేషన్లు చేసే నా దగ్గరికి ఆమె కాగితాలన్నీ ఒక ఎరువుల సంచిలో తెచ్చుకుంది. మూడేళ్ళుగా తగ్గని విరేచనాలవి. వయసు యాభై నాలుగు, పాలమూరు వైపు పల్లె, రెండెకరాల్లో పల్లి, జొన్న. కొడుకు హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తాడు, అతనే వెంటబెట్టుకుని వచ్చాడు. (ఇద్దరూ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.)

ఆ కాగితాలను తారీఖుల వరుసలో పేర్చితే జబ్బు కథ కంటే దానికి పెట్టిన పేర్ల కథే ఎక్కువ కనబడింది. మొదట అమీబియాసిస్ అన్నారు, మెట్రోనిడజోల్ నాలుగు కోర్సులు. తర్వాత గ్యాస్ ట్రబుల్, ఏడాదిన్నరగా రోజూ పాంటోప్రజోల్. తర్వాత ఐబీఎస్, అంటే పరీక్షల్లో ఏ జబ్బూ కనబడకపోయినా పేగు ఇబ్బంది పెట్టడం. ఒంట్లో ఆవిర్లు అంటే ముట్లుడిగే వయసు కదా, మామూలే అన్నారు. కొలనోస్కోపీలో ఏమీ లేదు. చివరికి ఒక చోట అల్ట్రాసౌండ్ చేస్తే కాలేయం నిండా గడ్డలు. బయాప్సీ కూడా చెయ్యకముందే కొడుకుని పక్కకు పిలిచి 'నాలుగో స్టేజి, ఆరు నెలలు' అని చెప్పేశారట. బరువు అప్పటికే తొమ్మిది కిలోలు తగ్గింది.

నేను రెండు ప్రశ్నలు అడిగాను. రాత్రి నిద్రలోంచి లేచి పోవాల్సి వస్తుందా అన్నది మొదటిది. "మూడు నాలుగు సార్లు లేస్త సారూ" అంది. ఐబీఎస్ సాధారణంగా మనిషిని నిద్ర లేపదు. రెండో ప్రశ్న నేనే తప్పుగా అడిగాను: "మొహం ఎర్రబడుతుందా అమ్మా?" లేదంది. పుస్తకాల్లో ఉండే బొమ్మలన్నీ తెల్లతోలువాళ్ళవి, బుగ్గలు గులాబీ రంగుకు తిరిగి ఉంటాయి. మన చామనఛాయ మీద ఆ ఎరుపు కనబడదు, రోగికి అద్దంలోనూ తెలియదు. ప్రశ్న మార్చాను. మొహంలో సెగలు కొట్టినట్టు ఉంటుందా అన్నాను. "అయ్యో, పొయ్యిల మొకం వెట్టినట్టే అయితది. పండుగకు జర కల్లు దాగితే ఇంకింత. అందుకే కల్లు బంద్ వెట్టిన" అంది. మూడేళ్ళలో ఎవరో ఒకరు కల్లు సంగతి అడిగి ఉంటే బాగుండేది. మద్యం ముట్టగానే మొహంలోకి వేడి ఎగదన్నడం నాకు అనుమానం వచ్చిన జబ్బుకి, అంటే రసాయనాలు కక్కే న్యూరోఎండోక్రైన్ గడ్డలకి, పాత ఆనవాలు.

అప్పుడు మెడ చూశాను. మెడ చుట్టూ నల్లగా, గరుకుగా, హారం వేసుకున్నట్టు ఒక పట్టీ. అరచేతుల వెనకా అంతే. ఎండలో పని చేసేవాళ్ళకి మామూలే అనుకుని ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. అది పెల్లాగ్రా, నియాసిన్ అనే విటమిన్ లోపం. దక్కన్ డాక్టర్లకు కొత్త జబ్బేం కాదు. జొన్న ఎక్కువగా తినే ఇక్కడి పేదల్లో పెల్లాగ్రా ఎందుకొస్తుందో 1960ల్లో హైదరాబాద్‌లోనే సి. గోపాలన్ బృందం తవ్వి చూసింది, జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లం మీద అనుమానం వ్యక్తం చేసింది. మా జూనియర్ కూడా వెంటనే 'జొన్నరొట్టె' అన్నాడు. కావచ్చు. కానీ ఈమె విషయంలో ఇంకో దారి ఉంది. మన ఒంట్లో నియాసిన్ తయారయ్యేది ట్రిప్టోఫాన్ నుంచి, అది తిండిలోని మాంసకృత్తుల్లో ఉండే అమైనో ఆమ్లం. అదే ట్రిప్టోఫాన్‌తో పేగును కదిలించే సెరటోనిన్ అనే రసాయనం కూడా తయారవుతుంది. మామూలు మనిషిలో దానికి పోయేది నూటికి ఒక వంతు. సెరటోనిన్ తయారుచేసే గడ్డ ఒకటి లోపల కూర్చుంటే ట్రిప్టోఫాన్‌లో పెద్ద వాటా అదే లాగేసుకుంటుంది, నియాసిన్‌కి మిగలదు. విరేచనాలు, సెగలు, నల్లబడ్డ మెడ, కాలేయంలో గడ్డలు: నాలుగూ ఒకే తీగకు కాసినవి.

బయాప్సీలో అదే వచ్చింది. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, కణాలు బాగా పరిణతి చెందిన రకం, కీ-67 నూటికి 4. కీ-67 అంటే ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చెప్పే లెక్క. 3 కంటే తక్కువైతే మొదటి గ్రేడు, 3 నుంచి 20 దాకా రెండు, ఆపైన మూడు. ఈమెది రెండో గ్రేడులో కింది మెట్టు. 1907లో జర్మనీలో ఓబర్న్‌డోర్ఫర్ అనే పాథాలజిస్టు ఈ గడ్డలకు 'కార్సినాయిడ్' అని పేరు పెట్టాడు, క్యాన్సర్ లాంటిది కానీ క్యాన్సర్ కాదు అని. ఇవి కూడా పాకుతాయని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. పాకుతాయి, కానీ చాలావరకు నింపాదిగా. ఆ ఆరు నెలల జోస్యం చెప్పినవాళ్ళు మామూలు పేగు క్యాన్సర్ లెక్కను దీనికి అంటించారు.

కొడుకు ఫోన్‌లో వెతుక్కుని వచ్చి, "ఇర్ఫాన్ ఖాన్‌కి వచ్చింది ఇదేనా సార్? స్టీవ్ జాబ్స్‌కి కూడానా?" అని అడిగాడు. ఈ మాట ఇప్పుడు ప్రతి కుటుంబం అడుగుతుంది. ఇర్ఫాన్ తన జబ్బు గురించి 2018 మార్చిలో తనే చెప్పారు, రెండేళ్ళకు పోయారు. జాబ్స్‌కి క్లోమంలో బయటపడింది 2003లో, 2009లో కాలేయం మార్చారు, 2011లో చనిపోయారు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అందరి గుణం ఒకటి కాదని చెప్పాను. ఎక్కడ పుట్టింది, ఎంత వేగంగా విభజన చెందుతోంది అనేవి తెలియకుండా ఒకరి కథ ఇంకొకరికి పనికిరాదు.

పరీక్షల్లో రెండు చోట్ల జాగ్రత్తపడ్డాం. పాత ఫైల్లో క్రోమోగ్రానిన్-ఎ (ఈ గడ్డలు రక్తంలోకి వదిలే ఒక ప్రొటీన్) చాలా ఎక్కువగా ఉంది, కానీ అప్పుడామె పాంటోప్రజోల్ వేసుకుంటోంది. ఆ మాత్ర ఒక్కటే చాలు ఆ అంకెను పెంచడానికి. రెండు వారాలు ఆపించి మళ్ళీ చేయిస్తే సగానికి దిగింది, అప్పటికీ ఎక్కువే. రెండోది ఇరవై నాలుగు గంటల మూత్రంలో 5-హెచ్.ఐ.ఎ.ఎ. సెరటోనిన్ విరిగాక మిగిలే పదార్థం ఇది. దీనికి ముందు మూడు రోజులు అరటిపండు, అనాస, టమాటా తినకూడదు. టమాటా లేకుండా కూర ఎట్లా అని కోడలు కంగారుపడింది, చింతపండుతో కానిచ్చారు. ఫలితం 62 మిల్లీగ్రాములు. మామూలు మనిషికి పది లోపు.

ఈ రకం గడ్డలను వెలిగించి చూపే గాలియం-68 డోటానాక్ పెట్ స్కాన్‌లో చిన్నపేగు చివరి భాగంలో ఒక వెలుగు, పేగు మడతల వేరు దగ్గర, అంటే పేగుకి రక్తనాళాలు వెళ్ళే చోట, మూడున్నర సెంటీమీటర్ల గడ్డ, కాలేయంలో పద్నాలుగు కనబడ్డాయి. ఎముకల్లో ఏమీ లేదు. ఎమ్మారైలో కాలేయపు లెక్క పదిహేడుకు పెరిగింది. పెద్దది 6.2 సెంటీమీటర్లు, కుడివైపు వెనక భాగంలో. అన్నీ కలిపితే కాలేయంలో అయిదో వంతుకు కాస్త ఎక్కువ. గుండె ఎకోలో కుడివైపు ట్రైకస్పిడ్ కవాటం కాస్త మందంగా ఉంది, లీకు స్వల్పం. ఈ ఎకో లేకుండా నేను ఇలాంటి కాలేయాన్ని ముట్టుకోను. సెరటోనిన్ వరదకి కుడి గుండె కవాటాలు బిగుసుకుపోతే రక్తం వెనక్కి తన్ని కాలేయం ఉబ్బి ఉంటుంది, కత్తి పెట్టిన చోటల్లా ఊటలా కారుతుంది. అలాంటప్పుడు ముందు కవాటం సంగతి చూడాలి.

వేర్వేరు విభాగాల డాక్టర్లం కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డులో ఏకాభిప్రాయం రాలేదు, రానవసరమూ లేదు. మెడికల్ ఆంకాలజిస్టు మాట: గడ్డలు కక్కే రసాయనాలను అణిచే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లతో మొదలుపెట్టి, పెరిగితే గడ్డల్లోకే రేడియేషన్ మోసుకెళ్ళే ల్యుటీషియం-177 మందు ఇద్దాం, చిన్నపేగు గడ్డల్లో అది పనిచేస్తుందని 2017లో నెటర్-1 అధ్యయనం చూపించింది కదా, కడుపెందుకు కొయ్యాలి? న్యాయమైన ప్రశ్న. ఆపరేషన్ వైపు మా దగ్గరున్న ఆధారం ఏమంత గట్టిది కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్ళు 2003లో 170 మంది లెక్క ప్రచురించారు. అయిదేళ్ళకు 61 శాతం, పదేళ్ళకు 35 శాతం బతికి ఉన్నారు, బాధలు దాదాపు అందరికీ తగ్గాయి. కానీ అయిదేళ్ళలో 84 శాతం మందికి జబ్బు మళ్ళీ కనబడింది. 2010లో వచ్చిన ఇంకో పెద్ద లెక్కలో అది 94 శాతం. పైగా చీటీలు వేసి, కొందరికి ఆపరేషన్ చేసి కొందరికి చెయ్యకుండా పోల్చి చూసిన అధ్యయనం లేదు. ఆపరేషన్‌కి ఎంచుకున్నవాళ్ళు ముందే కాస్త గట్టివాళ్ళు అనే అనుమానం ఎప్పుడూ ఉంటుంది.

అయినా నేను ఆపరేషన్ వైపే నిలబడ్డాను, మూడు కారణాలతో. పేగు మడతల వేరు దగ్గరున్న గడ్డ ఊరుకునేది కాదు, చుట్టూ పీచు కట్టి పేగుకి రక్తం ఆపేస్తుంది, అప్పుడు అర్ధరాత్రి ఎమర్జెన్సీలో చెయ్యాల్సి వస్తుంది. రెండోది, ఈమె బాధ గడ్డల బరువు వల్ల కాదు, అవి కక్కే సరుకు వల్ల. సరుకు తగ్గించాలంటే రాశి తగ్గించాలి. నూటికి 90 వంతులు తీయగలిగితేనే దిగాలన్నది మేయో సర్జన్ల పాత నియమం, ఇప్పుడు చాలామంది దాన్ని 70కి దించారు. మూడో కారణం పుస్తకాల్లో ఉండదు: నెలనెలా ఇంజెక్షన్ ఖర్చు, హైదరాబాద్ ప్రయాణం ఆ ఇల్లు ఎన్నాళ్ళు మోస్తుందో నాకు నమ్మకం లేదు.

కాలేయ మార్పిడి మాట కూడా వచ్చింది. మిలాన్‌లో మజ్జాఫెరో బృందం గట్టిగా వడపోసి ఎంచుకున్న రోగుల్లో మార్పిడి చేసి, పదేళ్ళకు 89 శాతం బతికున్నారని 2016లో చూపించింది. వాళ్ళ షరతులు: తక్కువ గ్రేడు, కాలేయంలో సగానికి లోపు జబ్బు, అసలు గడ్డ ముందే తీసేసి ఉండాలి, ఆ తర్వాత కనీసం ఆరు నెలలు కదలకుండా ఉండాలి, వయసు అరవై దాటకూడదు. ఈమెకి అసలు గడ్డ ఇంకా కడుపులోనే ఉంది. సొంత కాలేయంతో గట్టెక్కే దారి కనబడుతుంటే ఆ ప్రశ్నను అక్కడే పక్కన పెట్టాం.

మూడు నెలలు తయారీ. ఆక్ట్రియోటైడ్ దీర్ఘకాలిక ఇంజెక్షన్ నాలుగు వారాలకొకటి, నియాసిన్ మాత్రలు, గుడ్లు, పప్పు. విరేచనాలు ఎనిమిది నుంచి నాలుగుకి వచ్చాయి. మెడ మీద నలుపు పొట్టులా రాలిపోయింది. బరువు మూడు కిలోలు పెరిగింది. "ఇంత మంచిగయ్యాక ఆపరేషన్ ఎందుకు సార్" అని కొడుకు వెనక్కి తగ్గాడు. ఆమే ముందుకొచ్చింది. "సూదికి ఎన్ని దినాలు తిరుగుదుం బిడ్డా" అంది.

ఆపరేషన్ గది

ఈ ఆపరేషన్లలో నాకంటే మత్తు డాక్టరు పని కష్టం. గడ్డను ముట్టుకోగానే అది తన సంచి విప్పి అన్ని రసాయనాలూ ఒక్కసారి రక్తంలోకి వదలొచ్చు. దాన్నే కార్సినాయిడ్ క్రైసిస్ అంటాం. ముందురోజు రాత్రి నుంచే ఆక్ట్రియోటైడ్ గంటకు 100 మైక్రోగ్రాముల చొప్పున నరం ద్వారా ఎక్కించాం. ఈ డ్రిప్ క్రైసిస్‌ని నిజంగా ఆపుతుందా అని అమెరికాలో ఒరెగాన్ సర్జన్లు అనుమానం లేవనెత్తారు, వాళ్ళ అనుభవంలో ఆపలేదు. తెలిసీ మేం పెడతాం, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోం. హిస్టమిన్ విడుదల చేసే మార్ఫిన్, అట్రాక్యూరియం వాడలేదు. బీపీ పెంచే వాసోప్రెసిన్ సిరంజిలో నింపి సిద్ధంగా ఉంచారు.

ఇంకో తిరకాసు. కాలేయం కోసేటప్పుడు రక్తం తక్కువ పోవాలంటే పెద్ద సిరలో ఒత్తిడి తక్కువ ఉంచాలి, అంటే సెలైన్ బిగబట్టాలి. క్రైసిస్ వస్తే సెలైన్ దంచాలి. ఒకే మనిషికి ఒకే పూట ఈ రెండూ కావాలి.

కడుపు తెరిచాక ముందు చేతివేళ్ళతో చిన్నపేగు మొత్తం, మొదటి మలుపు నుంచి చివరిదాకా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నెమ్మదిగా లాక్కుంటూ చూస్తాను. పత్తి వత్తి చేసినట్టు ఉంటుంది ఆ పని. ఇరవై నిమిషాలు పడుతుంది, ఏ స్కానూ దీన్ని భర్తీ చెయ్యదు. స్కాన్‌లో ఒకటే కనబడింది. వేలికి మూడు తగిలాయి, చింతగింజంత ఒకటి, కందిగింజంత రెండు. ఇలా ఒకటి కంటే ఎక్కువ ఉండడం ఈ జబ్బులో అరుదేం కాదు. పేగు మడత మూసిన గొడుగులా ఒక ముడి చుట్టూ ముడుచుకుపోయి ఉంది.

పేగు పని అక్కడ ఆపి కాలేయం మొదలుపెట్టాం. ఈ వరుసకి కారణం ఉంది. కాలేయం కోసేటప్పుడు దానికి వెళ్ళే రక్తనాళాలను పదిహేను నిమిషాలు బిగించి అయిదు నిమిషాలు వదులుతాం. బిగించిన ప్రతిసారీ పేగుల్లో రక్తం నిలిచి అవి ఉబ్బుతాయి. అప్పటికే పేగు కుట్లు వేసి ఉంటే ఆ కుట్లకు అది మంచిది కాదు.

కుడి కాలేయాన్ని పొరల నుంచి విడిపించి ఎత్తుతున్నాను. పెద్ద గడ్డ నా ఎడమ అరచేతిలో ఉంది. "చెయ్యి తియ్యండి" అని మత్తు డాక్టరు గొంతు. తలెత్తి మానిటర్ చూశాను. 128 ఉన్న పై బీపీ 58. రక్తం ఎక్కడా పోవడం లేదు. కాలేయాన్ని దాని చోట పడుకోబెట్టి, తడిగుడ్డ కప్పి, రెండు చేతులూ నా ఛాతీ మీద పెట్టుకుని నిలబడ్డాను. మత్తు డాక్టరు రోగి కనురెప్ప ఎత్తి చూసి, "కళ్ళు జేవురించాయి" అంది. చర్మం మీద కనబడని ఎరుపు అక్కడ దొరికింది. ఆక్ట్రియోటైడ్ 500 మైక్రోగ్రాములు ఒకేసారి, వాసోప్రెసిన్, రెండు సీసాల సెలైన్. పదకొండు నిమిషాలు. సర్జన్‌కి చెయ్యడానికి ఏమీ లేని పదకొండు నిమిషాలు చాలా పొడుగు. నా పక్కన నిలబడ్డ జూనియర్ ఏదో ఒకటి చేద్దామని సక్షన్ గొట్టం అందుకున్నాడు, మోచేత్తో ఆపాను. బీపీ వంద దాటాక ఇంకో పావుగంట ఆగి, ఈసారి గడ్డను పిసకకుండా కింద తువ్వాలు దోపి ఎత్తాం. మళ్ళీ రెండుసార్లు బీపీ జారింది కానీ అంత కాదు.

అల్ట్రాసౌండ్ ముక్క నేరుగా కాలేయం మీద పెట్టి అంగుళం అంగుళం గాలించాం. పదిహేడు కాస్తా ఇరవై మూడయ్యాయి. ఆశ్చర్యపోలేదు. తీసిన కాలేయాన్ని పాథాలజిస్టు మూడు మిల్లీమీటర్ల పలుచని బిళ్ళలుగా కోసి చూస్తే, ఉన్న గడ్డల్లో సగం కూడా స్కాన్లకు అందడం లేదని ఫ్రెంచి సర్జన్లు 2010లోనే చూపించారు. అంటే మాకు ఇరవై మూడు కనబడ్డాయంటే లోపల ఇంకెన్నో ఉన్నాయని లెక్క. ఇది తెలిసిన సర్జన్ 'మొత్తం తీసేశాను' అనే మాట వాడడు.

ఇక్కడే అసలు నిర్ణయం. కుర్రతనంలో అయితే నేను కుడి కాలేయం మొత్తం ఎత్తేసేవాణ్ణి, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ గడ్డలు ఎడమవైపూ ఉన్నాయి, రేపు మళ్ళీ వస్తాయి, అప్పుడు ఇంజెక్షన్‌కీ ల్యుటీషియానికీ ఇంకో ఆపరేషన్‌కీ తట్టుకోవడానికి మంచి కాలేయం మిగలాలి. పొలంలో కలుపు తియ్యాలి గానీ చేను పీకెయ్యకూడదు. ఈ గడ్డలు పక్క కణజాలాన్ని తొలుచుకుపోకుండా పక్కకు నెడుతూ పెరుగుతాయి, అందుకని పచ్చి పల్లికాయ నొక్కితే గింజ ఊడినట్టు చాలావరకు వాటంతట అవే ఊడివస్తాయి. పెద్దదాన్ని మాత్రం చుట్టూ కాస్త కాలేయంతో కలిపి కోశాం. అలా తీసినవి మొత్తం పన్నెండు. లోతులో ఉన్న చిన్నవి ఏడింటిలోకి సూది దించి మైక్రోవేవ్‌తో కాల్చేశాం.

నాలుగు మిగిలాయి. ఒక్కోటి సెంటీమీటరు లోపే. రెండు మధ్య సిరను ఆనుకుని, రెండు పైత్యనాళాలు చీలే చోట. అక్కడ కాలిస్తే నాళం కాలుతుంది, కోస్తే సిర పోతుంది. నా అసిస్టెంట్ సర్జన్ ఒకదాని గురించి, "తియ్యొచ్చు సార్, ఇంకో గంట" అన్నాడు. తియ్యొచ్చు. అప్పటికి ఆరు గంటలయింది, ఒకసారి ప్రాణం మీదికి వచ్చింది, రక్తనాళాలు నాలుగుసార్లు బిగించాం. వదిలేశాం. సంఖ్యలో ఇరవై మూడుకి నాలుగు ఎక్కువే అనిపిస్తుంది, రాశిలో నూటికి అయిదు వంతులు కూడా లేదు.

పిత్తాశయం తీశాం, ఆక్ట్రియోటైడ్ వాడేవాళ్ళకి రాళ్ళు పడతాయి, ఇంకోసారి కడుపు తెరవడమెందుకు. తర్వాత పేగు. మడతల వేరు దగ్గరి ముడిని పెద్ద ధమని మీంచి దారం దారంగా విడదీశాం, ఇది నేననుకున్నదానికంటే కష్టమైంది. చిన్నపేగు చివరి పన్నెండు సెంటీమీటర్లు, అది పెద్దపేగులో కలిసే చోటి కవాటంతో సహా కాపాడాలని నా కోరిక. ముడి తీశాక ఆ ముక్క వంకాయ రంగుకి తిరిగింది. వేడినీళ్ళ గుడ్డ కప్పి పది నిమిషాలు చూశాం, రంగు రాలేదు. కుడి పెద్దపేగుతో సహా దాదాపు ఎనభై సెంటీమీటర్ల చిన్నపేగు పోయింది. దీని సంగతి మళ్ళీ వస్తుంది. పైత్యనాళాన్ని పేగుకి అతికించే పని పడలేదు, అది అదృష్టం. ఆ అతుకు ఉన్న మనిషికి ముందుముందు కాలేయ గడ్డలు కాల్చినా, రక్తనాళం మూసినా పేగులోని క్రిములు పైకి ఎగబాకి చీము పడుతుంది.

ఎనిమిదిన్నర గంటలు. పోయిన రక్తం దాదాపు తొమ్మిది వందల మిల్లీలీటర్లు, ఎక్కించింది రెండు సంచులు.

తర్వాత

ఆక్ట్రియోటైడ్ డ్రిప్ రెండు రోజుల్లో మెల్లగా దించాం. కామెర్లు చూపే బిలిరుబిన్ మూడో రోజు 3.1కి ఎక్కి దిగింది. అయిదో రోజు గంజి తాగింది. ఆరో రోజు చలిజ్వరం. పెద్ద గడ్డ తీసిన గోతిలో ఎనిమిది సెంటీమీటర్ల మేర ద్రవం చేరింది, సన్నగొట్టం వేస్తే పసరు వచ్చింది. పైత్యం లీకు, రోజుకి ఎనభై మిల్లీలీటర్ల దాకా. కోసిన అంచుని తెల్లగుడ్డతో అద్ది లీకు చూశానని నోట్స్‌లో నా చేత్తోనే రాసుకున్నాను, అయినా వచ్చింది. పదిహేడో రోజుకి ఆగింది, పందొమ్మిదో రోజు ఇంటికి పంపాం.

పాథాలజీ రిపోర్టులో ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. పేగులోని మూడు గడ్డల కీ-67 నూటికి రెండు, అంటే మొదటి గ్రేడు. కాలేయంలోవాటికి నూటికి అయిదు, ఒకదానికి మాత్రం ఏడు. తల్లి గడ్డ కంటే పిల్ల గడ్డలు దుడుకువి. ఒక్క సూది బయాప్సీతో మొత్తం కాలేయానికి గ్రేడు రాసెయ్యడం మీద నాకు నమ్మకం అప్పటి నుంచి ఇంకాస్త తగ్గింది.

ఆరు వారాలకి కొడుకు ఫోన్ చేశాడు, గొంతులో కోపం. "ఏం లాభం సార్, మళ్ళ అయిదారు సార్లు పోతున్నది." రమ్మన్నాను. సెగలు లేవు. రాత్రి లేవడం లేదు. తిన్న వెంటనే, పచ్చగా, మంటగా. 5-హెచ్.ఐ.ఎ.ఎ. 62 నుంచి 9కి పడిపోయింది. ఇది పాత విరేచనం కాదు, నేను తెచ్చిపెట్టింది. చిన్నపేగు చివరి భాగం పైత్య లవణాలను వెనక్కి పీల్చుకోవాలి, ఆ భాగం ఇప్పుడు లేదు, అవి పెద్దపేగులోకి జారి దాన్ని రెచ్చగొడుతున్నాయి. పొద్దున్నే, ఆ లవణాలను పట్టేసే కొలెస్టిరమిన్ పొడి ఒక పొట్లం నీళ్ళలో కలిపి తాగమన్నాను, మిగతా మందులకు దూరంగా. వారం తిరిగేసరికి రోజుకి రెండుసార్లకి వచ్చింది. అదే ముక్క బి12ని కూడా పీల్చేది, కాబట్టి మూడు నెలలకో ఇంజెక్షన్ జన్మంతా. ఆపరేషన్‌కి ముందు క్రైసిస్ గురించి, లీకు గురించి గంట సేపు చెప్పాను గానీ ఈ మాట ఒక్కటి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఫోన్‌లో అంత కోపం ఉండేది కాదు. ఇప్పుడు ప్రతివాళ్ళకీ ముందే చెబుతున్నాను.

పద్దెనిమిది నెలల స్కాన్‌లో వదిలిన నాలుగింటిలో రెండు కొద్దిగా పెరిగాయి, కొత్తది ఒకటి. ఇంజెక్షన్ ఆపకుండా చూస్తూ ఉన్నాం. ముప్ఫై నెలలకి కొత్తవి ఆరయ్యాయి, సెగలు మళ్ళీ అప్పుడప్పుడు. ఇంకోసారి కోద్దామా అని బోర్డులో ఒకరు అడిగితే ఈసారి వద్దన్నది నేనే. చిన్నవి, చెదిరి ఉన్నాయి, స్కాన్‌లో అన్నీ బాగా వెలుగుతున్నాయి. ల్యుటీషియానికి అంతకంటే మంచి గురి దొరకదు. మొదట ఆ మాటన్న మెడికల్ ఆంకాలజిస్టు నవ్వాడు గానీ ఏమీ అనలేదు.

మొత్తం నాలుగు డోసులు ఇవ్వాలి, ఎనిమిది వారాలకొకటి. ఆ మందులోని రేడియేషన్ ఏడు రోజుల్లోపే సగానికి పడిపోతుంది, తెప్పించాక రోగి రాకపోతే పారబోసినట్టే. రెండో డోసు తారీఖు పల్లి పీకే రోజుల్లో పడింది. రానంటే రానంది, కూలీలు దొరకరట. అణువైద్య విభాగం వాళ్ళతో మాట్లాడి వారం జరిపాం. మూడోది ఇంకా ఇవ్వలేదు, ప్లేట్‌లెట్లు తొంభై ఎనిమిది వేలకి వచ్చాయి, లక్ష దాటేదాకా ఆగుతున్నాం.

పోయినవారం రక్తపరీక్షకి వచ్చినప్పుడు కొడుకు బయట బిల్లు కడుతుండగా తలుపు చాటు నుంచి తొంగిచూసి, "సారూ, బతుకమ్మకు జరంత కల్లు దాగొచ్చునా?" అంది. ప్లేట్‌లెట్లు రానీ అమ్మా, అప్పుడు చూద్దాం అన్నాను. "అంటే వద్దన్నట్టేనా, జూద్దామన్నట్టా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా సంచి పట్టుకుని వెళ్ళిపోయింది.